ఎడతెగక చదివి నేర్చు యంత్రము

సహకార సంఘ సభ్యులైన రైతు సోదరులు ఈ నడుమ చేతిలోని ఫోనునే పంటల వైద్యునిగా నెంచి ప్రశ్నలడుగుచున్నారు. నోటితో నడిగిన నోటితోనే, అదియును తెలుగులోనే, జవాబు వచ్చుచున్నది. ఆ జవాబు ఎచ్చటనుండి వచ్చినది, ఆ యంత్రమునకు ఆ సంగతి ఎవరు చెప్పిరి, అది తప్పైనచో దిద్దువారెవరు అని విచారించువారు మాత్రము తక్కువ. విత్తనపు సంచి కొనునప్పుడు దానికి కట్టిన చీటీ చూడక డబ్బు చెల్లించు రైతు మన గ్రామములలో నరుదు. మందు డబ్బామీది గడువు తేదిని చదువరానివాడు సైతము ప్రక్కవానిచే చదివించుకొనును. చెవికి వచ్చిన సమాచారమునకు అట్టి చీటీ యేది? యంత్రములు చదువు నేర్చిన విధము కొంత తెలిసినచో ఈ చీటీ సంగతి తేటపడునని తోచి, అమెరికా దేశమున జరిగిన యొక ప్రయత్నమును ఈ నెల కొంచెము విపులముగా వ్రాయుచున్నాను.

యంత్రమునకు లోకజ్ఞానము కలిగించుటకు మొదట తోచిన మార్గము బడిపంతుల మార్గమే. 1984లో టెక్సాసు రాష్ట్రమున ఆస్టిన్ నగరమందు డగ్లసు లెనాట్ అను పండితుడు ‘సైక్’ అను పేర నొక మహాకార్యమును తలపెట్టెను. మనుష్యులు కూర్చుండి, పసిపిల్లలకు సైతము తెలిసిన విషయములను ఒక్కొక్కటిగా యంత్రమునకు తెలియు భాషలో వ్రాసి యెక్కించుటయే ఆ పని. వానలో నడచినవాడు తడియును, తండ్రి కొడుకుకంటె ముందు పుట్టును, ఇట్టివి. లెనాట్ 2023లో మరణించువరకు, దాదాపు నలువదియేండ్లు, ఈ పనిని విడువలేదు. ఆ పట్టుదలకు నమస్కరింపవలసినదే. కాని లోకములోని సంగతులన్నిటిని చేతితో వ్రాసి ముగింపబూనుట చేదతో చెరువు తోడుట వంటిది. తోడుచుండగనే క్రొత్త నీరు వచ్చి చేరుచుండును.

1992లో మార్టి హర్‌స్ట్ అను విదుషి చూపిన దారి వేరు. వాక్యముల కూర్పులోనే కొంత జ్ఞానము దాగియున్నదని ఆమె చూపెను. మన భాషలో చెప్పవలెనన్న, ‘తెనాలి, బాపట్ల, నరసరావుపేట మొదలగు పట్టణములు’ అని యెవరో వ్రాసిరనుకొనుడు. తెనాలిని ఎన్నడును చూడనివాడైనను, ‘మొదలగు పట్టణములు’ అను మాటలనుబట్టి అది యొక పట్టణమని గ్రహించును. ఇంగ్లీషులోను ఇట్టి కూర్పులు గలవు. మేము చదివిన మిషను పాఠశాలలో ఇంగ్లీషు పంతులుగారు ఖాళీలు పూరింపుడని వాక్యములిచ్చి, తెలియని మాటకు ప్రక్కనున్న మాటలే సాక్షులని చెప్పెడివారు. యంత్రమునకు నేర్పినదియు ఇంచుమించు ఆ పాఠమే.

ఈ రెండవ దారిని పట్టుకొని బహుదూరము పోయినది ‘నెల్’ అను యంత్రము. ‘నెవర్ ఎండింగ్ లాంగ్వేజ్ లెర్నర్’ అను మాటల మొదటి యక్షరములు కూర్చి పెట్టిన పేరది. ఎన్నటికిని చదువు ముగింపని విద్యార్థి యని భావము. పెన్సిల్వేనియా రాష్ట్రమున పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో టామ్ మిచెల్ అను ఆచార్యుని యాజమాన్యమున 2010 జనవరిలో దీనిని ఆరంభించిరి. రాత్రి యనక పగలనక 24 గంటలును అది చదువవలెను. నిన్న నేర్చినదానిని ఆధారము చేసికొని నేడు ఇంకను బాగుగా చదువవలెను. ఇదియే వారి సంకల్పము. అంతకు ముందటి యంత్రములు ఒక పని నేర్చి, పరీక్షలో తేరి, అంతటితో ఆగిపోవునవి. మనుష్యుడు అట్లు ఆగడుగదా యని మిచెల్ వాదము.

చదువుటకు దానికిచ్చిన పుస్తకము ఇంటర్నెట్టే. 2009లో ప్రోగుచేసిన 50 కోట్ల ఇంగ్లీషు పుటలను దాని ముందుంచిరి. ఇవిగాక ఇంటర్నెట్టులో వెదకి క్రొత్త పుటలు తెచ్చుకొనుటకును వీలు కల్పించిరి. మొదట 123 వర్గములను, 55 సంబంధములను చెప్పిరి. పట్టణము, మనుష్యుడు, పక్షి, ఆటగాడు, సంస్థ, ఇవి వర్గములు. ఫలానా ఆటగాడు ఫలానా జట్టులో ఆడును, ఫలానా సంస్థకు ఫలానా పట్టణము కేంద్రము, ఇవి సంబంధములు. ఒక్కొక్కదానికి 10 మొదలు 15 వరకు ఉదాహరణములను మాత్రము చేతికిచ్చి, తక్కినవి నీవే చదివి నేర్చుకొమ్మనిరి. ఈ ఉదాహరణములకు ఆ శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న పేరు ‘విత్తనములు’ అనియే. మనవంటివారికి ఇంతకంటె తెలియు మాట మరి లేదు.

నేర్చుపనిని ఒకే కార్యకర్తకు అప్పగింపక పలువురకు పంచినట్లు ఏర్పాటుచేసిరి. ఒకరు వాక్యముల కూర్పులు చూతురు. మరియొకరు పుటలలోని పట్టికలను, వరుసలను చూతురు; ఒక వరుసలో తెలిసిన పట్టణములు నాలుగున్నచో అయిదవదియు పట్టణమే కావచ్చును. ఇంకొకరు మాట యొక్క రూపమునే చూతురు. ఈ మూడవ పని మనకు సులభముగా బోధపడును. పేరు చివర ‘పల్లి’ యనియో, ‘పాడు’ అనియో, ‘పూడి’ యనియో యున్నచో అది ఊరిపేరని, ఆ యూరు ఎచ్చటనున్నదో తెలియకయే మనము చెప్పుదుము. నాలుగవవారు నేర్చిన సంగతులనుండి సూత్రములు తీయుదురు. ఫలానావాడు ఫలానా జట్టులో ఆడుచున్నాడు, ఆ జట్టు ఫలానా పోటీలో నున్నది. కావున ఆ మనుష్యుడు ఆ పోటీలో ఆడువాడై యుండవచ్చును. ఈ సూత్రములను మాత్రము ఆరంభదశలో మనుష్యులు చూచి ఒప్పుకొన్న పిమ్మటనే వాడనిచ్చిరి.

ఇన్ని చోట్లనుండి వచ్చిన సంగతులను యంత్రము వెంటనే నమ్మదు. అవి కేవలము దరఖాస్తులు. ఒక్కరే మిక్కిలి గట్టిగా చెప్పవలెను, లేదా పలువురు ఒకే మాట చెప్పవలెను. అప్పుడే దరఖాస్తు నమ్మకముగా మారి పుస్తకమున కెక్కును. మన సంఘములో అప్పు మంజూరుచేయు పంచాయతీదారులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. పూచీదారులు లేనిదే కాగితము కదలదు. దీనికి తోడు, పట్టణమైనది మనుష్యుడు కాజాలదు, ఆడునది జట్టులోనే గాని పక్షిలో కాదు అను కట్టుబాట్లను గూడ ముందుగనే విధించిరి. ఒక కార్యకర్త పొరపడినచో రెండవవాని సాక్ష్యము, ఈ కట్టుబాట్లు అడ్డుపడవలెనని వారి యూహ. ఆ పరిశోధకులు తమ పద్ధతికి ప్రాణమని చెప్పుకొన్నది ఈ కట్టుబాట్లనే. నాకును ఇందులో మెచ్చదగినది ఇదియే యని తోచుచున్నది.

ఫలితము ఎట్లుండెను? 67 దినములలో 2,42,453 సంగతులు పుస్తకమున కెక్కెను. మాదిరికి కొన్నిటిని తీసి మనుష్యులు పరీక్షింపగా నూటికి 74 పాళ్లు సరియైనవని తేలెను. ఇది సగటు. నా దృష్టికి సగటుకంటె విలువైనవి దాని లోపలి అంకెలు. ఆ కాలమును మూడు భాగములు చేసి చూచినచో, మొదటి భాగమున నేర్చినవానిలో నూటికి 90 సరియైనవి. రెండవ భాగమున 71. మూడవ భాగమున 57. అనగా చదివినకొలది యంత్రమునకు తప్పులు హెచ్చినవి. సులభమైనవి ముందే ముగిసి కఠినమైనవి మిగిలియుండుట కొంత కారణము. ముందు నమ్మిన తప్పులు వెనుకటివానిని చెరచుట రెండవ కారణము. ఏలనన, నాటి యేర్పాటులో ఒకమారు నమ్మకముగా పుస్తకమున కెక్కినదానిని తిరిగి కొట్టివేయుట లేదు.

ఇది మన పొలములలో నిత్యము చూచునదే. ధ్రువీకరణ వరి విత్తనమునకు నూటికి 98 పాళ్లు జాతిశుద్ధి యుండవలెనని నియమము గలదు. అట్టి విత్తనము తెచ్చి నాటి, ఆ పంటనుండియే విత్తనము కట్టుకొని, మరల నాటుచు, నడుమ బెరుకులు ఏరక విడిచినచో, నాలుగైదేండ్లకు ఆ మడిలో ఎత్తుపల్లములు, ముందు వెనుకలుగా ఈనిన కంకులు చూడవచ్చును. పొలమును చూచి అది ఏ రకమో చెప్పలేము. బెరుకు మొక్క యొక్కటి రాల్చిన గింజలు ఎన్నో రైతునకు తెలియును.

నెల్ యంత్రము యొక్క బెరుకులలో ప్రసిద్ధమైన దొకటి గలదు. అమెరికాలో తీపి బిస్కత్తువంటి తినుబండారమును ‘కుకీ’ యందురు. ఇంటర్నెట్టులో మనము ఏదేని పుట తెరచినప్పుడు, ఆ పుటవారు మన యంత్రములో విడిచిపోవు చిన్న గుర్తుచీటీకిని ‘కుకీ’ యనియే పేరు. నెల్ ఈ ‘ఇంటర్నెట్ కుకీలు’ అను మాట చూచి, కుకీ గావున ఇదియు పొయ్యిలో కాల్చిన తినుబండారమేయని వర్గము కట్టెను. అంతటితో పోయినచో నవ్వి యూరకుందుము. జనులు ‘నా ఇంటర్నెట్ కుకీలను చెరిపివేసితిని’ అని వ్రాయుదురు. ‘నా ఫైళ్లను చెరిపివేసితిని’ అనియు వ్రాయుదురు. రెండు వాక్యముల కూర్పు ఒకటే. కావున ఫైళ్లు గూడ తినుబండారములే యని యంత్రము నేర్చుకొనెను! ఒక్క తప్పు తరువాత తప్పుల వరద వచ్చినదని మిచెల్ గారే పత్రికల వారికి చెప్పిరి. గమనింపవలసిన దేమన, ఇందులో ఒక్క పుటయు అబద్ధము చెప్పలేదు. చదివినవన్నియు నిజములే. నిజములను చదివియే యంత్రము అబద్ధమును నేర్చినది.

మొదటి ఆరుమాసములు దానిమానమున దానిని విడిచి, పిమ్మట పరిశోధకులు బెరుకులు ఏరుటకు దిగిరి. రెండు వారములకొకమారు ఒక్కొక్క వర్గమును 5 నిమిషములపాటు చూచి, తప్పులకు గుర్తు పెట్టుటయే వారి పని. ఇంత స్వల్పమైన శ్రమకే యంత్రము మరల దారికి వచ్చినది. 2010 అక్టోబరు నాటికి 3,90,000 సంగతులు, నూటికి 87 పాళ్లు సరియైనవిగా అంచనా. అటుపిమ్మట, దాని పుస్తకమును ఇంటర్నెట్టులో బహిరంగముగా నుంచి, చూచినవారెవరైనను ‘ఇది సరి’, ‘ఇది తప్పు’ అని గుర్తు పెట్టుటకు వీలు కల్పించిరి. నమ్మినదానిని ప్రతి యావృత్తిలోను తిరిగి తూచి, బలము తగ్గినదానిని తీసివేయు పద్ధతియు తరువాత వచ్చినది. ‘యాపిల్’ అనునది పండునకును ఒక కంపెనీకిని పేరు గనుక, మాట వేరు వస్తువు వేరు అని యంత్రమునకు నేర్పు పనిని 2011లో ఆ బృందమువారే చేసిరి. 2018లో వారు ప్రకటించిన వ్యాసమున నెల్ పుస్తకములో 12 కోట్ల సంగతులున్నట్లు, ఒక్కొక్కదానిమీద యంత్రమునకెంత నమ్మకమో ఆ తూకముతో సహా యున్నట్లు చెప్పిరి. తేనీటితో బిస్కత్తులు వడ్డింతురు అనునది అందులో వారు చూపిన యొక ఉదాహరణము. ఎనిమిదేండ్ల చదువునకు ఇదియా యని నవ్వువారుండవచ్చును. తేనీరు త్రాగని యంత్రము అంతమాత్రము తెలిసికొనుటయే విశేషమని నేననుకొందును.

ఇక మన సంగతి. మాట యొకటి, వస్తువులు పెక్కు అను చిక్కు పొలములో ఎంతటి నష్టము తేగలదో చూడుడు. ఇంగ్లీషులో వరి అగ్గితెగులునకు ‘బ్లాస్టు’ అని పేరు. బాంబు ప్రేలుటకును అదే పేరు. మారుటేరు పరిశోధనాస్థానమునుండి 1982లో వచ్చిన ఎం.టి.యు. 7029 రకమునకు ‘స్వర్ణ’ యని పేరు. బంగారమునకును అదే పేరు. ఇట్టివానిలో పొరపాటు వెంటనే బయటపడును గనుక భయము లేదు. ‘దోమ’ అను మన తెలుగు మాట తీసికొనుడు. మనుష్యులను కుట్టునది దోమ. వరి దుబ్బుల మొదట చేరి రసము పీల్చునది సుడిదోమ. ప్రత్తి యాకుల క్రింద నుండునది పచ్చదోమ. రైతు ఫోనును ‘దోమకు మందేమి’ అని యడుగును. ఇంటిలో చల్లునది, వరికి కొట్టునది, ప్రత్తికి కొట్టునది, ఈ మూడును ‘దోమ మందు’లే. పుటలన్నియు నిజమే వ్రాసినను జవాబు తప్పు కావచ్చును. ఇచ్చట తప్పునకు ఖరీదు కుకీ కథలోవలె నవ్వు కాదు; ఎకరము పైరు, సంఘములో తెచ్చిన అప్పు.

కాలముతో మారు సంగతులు మరియొక చిక్కు. ఎండోసల్ఫాను మందును మన దేశమున తయారుచేయుట, అమ్ముట, వాడుట 2011 మే నెల 13వ తేదిని సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగిపోయినవి. అంతకు ముందు అనేక సంవత్సరములు ఆ మందును పలు పంటలకు సిఫారసు చేసిన కరపత్రములు, పుస్తకములు వెలువడియుండెను. ఆ పాత పుటలు ఇంటర్నెట్టులో నేటికిని చావలేదు. తేది చూడక చదువు యంత్రము వానిని నేటి సలహాగా అప్పగింపగలదు. 2014కు ముందు వ్రాసిన పుటలన్నియు తెలంగాణ జిల్లాలను ఆంధ్రప్రదేశములోనివని చెప్పును; నాడు అది సత్యమే. కావున ఎడతెగక నేర్చుట యనగా క్రొత్తవి చేర్చుకొనుట మాత్రమే కాదు. పాతది ఎన్నటివరకు సత్యమో గుర్తుంచుకొనుట కూడ అందులోని పనియే, కష్టమైన పని.

ఇప్పుడు మన ఫోనులలో మాటలాడు యంత్రములు నెల్ సంతతివి కావని గుర్తింపవలెను. 2022 నవంబరులో చాట్ జిపిటి వచ్చినది మొదలు వ్యాపించిన ఈ జాతి వేరు. ఇవియు ఇంటర్నెట్టు పుటలనే చదివినవి, ఇంకను ఎక్కువ చదివినవి. కాని చదివినదానిని ఖాతా పుస్తకములో పద్దుపద్దుగా వ్రాసికొనవు. వాక్యములో తరువాత రాబోవు మాట యేదో ఊహించుట, అనగా మా పంతులుగారి ఖాళీలు పూరించుట, కోట్ల కోట్ల మారులు అభ్యాసముచేసి, ఆ యభ్యాసమును అంకెలరూపమున లోపల నిలుపుకొనును. 2020లో వచ్చిన జిపిటి 3 అను యంత్రములో అట్టి అంకెలు 17,500 కోట్లు. పలుకు సొగసు, భాష మీది పట్టు వీనికి నెల్‌కంటె ఎంతయో హెచ్చు. నెల్ రెండు మాటల సంగతి మాత్రమే చెప్పగలిగెను. ఇవి వ్యాసములే వ్రాయును. అయినను సహకార సంఘములో లెక్కలు చూచినవారికి ఒక లోపము వెంటనే కనబడును. నెల్‌ను ‘ఈ సంగతి నీవెట్లు నమ్మితివి’ అని యడిగినచో ఏ పుట, ఎంత బలము అని ఓచరు చూపగలదు. ఈ క్రొత్తవానిలో ఏ సంగతి ఏ యంకెలో నున్నదో చూపుట దుర్ఘటము. తప్పైన పద్దును ఒక్కదానిని కొట్టివేయుటయు అంత సులభము కాదు. క్రొత్త పాఠము బలవంతముగా నేర్పినచో పాతపాఠము చెరిగిపోవు గుణము ఇట్టి యంత్రములకు గలదని 1989లోనే పండితులు చూపియున్నారు. అందుచేత ఇప్పుడు కొన్ని యంత్రములు జవాబు చెప్పుటకు ముందు ఇంటర్నెట్టులో వెదకి, దొరకిన పుట చిరునామాను జవాబు క్రింద చూపుచున్నవి. మనమడిగిన చీటీ ఇదియే. అది కనబడినచో తెరచి, ఎవరు వ్రాసిరి, ఏ సంవత్సరమున వ్రాసిరి యని చూడవలెను. వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి పుటయా, మందు అమ్మువాని పుటయా యనుట అందులోనే తేలును.

తెలుగునకు ఇంకొక కొరత గలదు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్లకు పైబడిరి. జనసంఖ్యకు తగినంత వ్రాత ఇంటర్నెట్టులో లేదు. అందరును వ్రాసి దిద్దగల వికీపీడియా యను విజ్ఞానకోశమున ఇంగ్లీషు వ్యాసములు 60 లక్షలకు పైబడగా, 2003లో ఆరంభమైన తెలుగు శాఖలో సుమారు 1 లక్ష మాత్రమే యున్నవి. పూచీదారులు తక్కువైనచోట దొంగ దరఖాస్తు సులభముగా నెగ్గును. ఇంగ్లీషులో ఒక తప్పును ఖండించు పుటలు నూరుండిన, తెలుగులో ఒకటి యుండుటయే కష్టము. మరియు మన మాటల రూపములు ఊరకుండవు. ‘గుంటూరు’ అనునది గుంటూరులో, గుంటూరుకు, గుంటూరునుండి, గుంటూరోళ్లు అని పలురూపులు దాల్చును. ఊరిపేర్లే ఇంటిపేర్లగుటచే ‘పట్టణమైనది మనుష్యుడు కాజాలదు’ అను కట్టుబాటు మనదగ్గర నిలువదు. ఆ యమెరికా యంత్రము మన వోటరు జాబితా చదివినచో ఏమైపోయి యుండునో!

కావున సంఘ కార్యదర్శులకు ఒక మనవి. ఫోను గుంపులలోను, ఇంటర్నెట్టులోను మీరు పెట్టు ప్రకటనలను రేపు మనుష్యులే గాక యంత్రములును చదువును. ఎరువుల ధర గాని, తెగుళ్ల హెచ్చరిక గాని పెట్టునప్పుడు పైన తేది, సంవత్సరము, పంటకాలము, మండలము పేరు వ్రాయుడు. సలహా ఇచ్చిన అధికారి ఉద్యోగము పేరు, కార్యాలయము పేరు చేర్చుడు. ‘దోమ’ అని విడువక ‘వరి సుడిదోమ’ అని నిండుపేరు వ్రాయుడు. గడువు తీరిన ప్రకటనను తీసివేయుడు. తీయుటకు వీలులేనిచో ‘ఇది చెల్లదు’ అని దానిక్రిందనే వ్రాయుడు.

రైతులు అడుగునప్పుడు పంట పేరు, పైరు వయస్సు, పురుగు మొక్కలో ఎచ్చట నున్నది, ఇవి చెప్పి యడుగవలెను. క్రొత్త యంత్రమును నమ్ముటకు ముందు మీకు జవాబు నిశ్చయముగా తెలిసిన ప్రశ్నలు రెండుమూడు వేసి చూడుడు. సుడిదోమ బాధ తగ్గుటకు వరినాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువవలెనని మన ప్రదర్శన క్షేత్రములన్నింటను చెప్పునదే, దానిని అడుగుడు. ఎండోసల్ఫాను ఎకరమునకెంత కొట్టవలెనని అడుగుడు. ఆ మందు నిషిద్ధమని చెప్పక మోతాదు చెప్పు యంత్రమును ప్రక్కనబెట్టి, 2004 నుండి పనిచేయుచున్న కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 సంఖ్యకు ఖర్చులేకుండ ఫోను చేయవచ్చును. అచ్చట తెలుగులో మాటలాడువారు మనుష్యులే.